మర్యాద కల్లు

నేను పీహెచ్‌డీ చేసింది కల్లు మీద. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో నవ్వు మొదలవుతుంది. అది ఎక్కడ ఆగుతుందన్నది వాళ్ల వాళ్ల సంస్కారం. మా ఊరివాళ్లు మాత్రం ఏ మొహమాటమూ పెట్టుకోలేదు, నోరారా నవ్వారు. "గిన్నేండ్లు సదివి సదివి ఆఖరుకు తాళ్లల్లకే వచ్చినవా పిల్లా" అని ఒక అవ్వ జనగామ బస్టాండులో పదిమంది ముందూ అడిగింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "తాగుటానికి కాదవ్వా, పరీక్ష చేసుటానికి" అన్నాను. "అందరు గట్లనే అంటరు తియ్" అంది అవ్వ.

నా ప్రశ్న చిన్నదే. తాటిచెట్టు గెలను గీసి కింద లొట్టి, అంటే చిన్న మట్టికుండ, కడితే అందులోకి తియ్యటి నీరు దిగుతుంది. తెల్లారేసరికి అది నురగ కట్టి కల్లవుతుంది. ఆ నురగ పుట్టించేది ఈస్టు, కంటికి కనపడని జీవి. అది ఎక్కడి నుంచి వస్తుంది? చెట్టు నుంచా, రోజూ కట్టే పాత లొట్టి నుంచా, వాలే ఈగల నుంచా? ఒక చెట్టు కల్లు తియ్యగా ఉంటే పక్క చెట్టుది పుల్లగా ఎందుకుంటుంది? జవాబు కావాలంటే ఏ చెట్టు కల్లు ఆ చెట్టుదిగా, ఇంకోదానితో కలవకుండా సీసాలోకి రావాలి. ఆ ఒక్కటీ తప్పితే మిగతా చదువంతా దండగే.

చెట్లను మూడు చోట్ల ఎంచుకున్నాను. ఒకటి జనగామ జిల్లాలో, నర్మెట్ట వైపు ఉన్న మా సొంత ఊరు. రెండోది మహబూబాబాద్ అవతల ఒక తండాను ఆనుకుని ఉన్న తాటివనం. మూడోది భూపాలపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊరు. ప్రతి చోటా ఎనిమిదేసి చెట్లు, ఒక్కో చెట్టుకు సున్నంతో వేసిన నంబరు. తెల్లవారుజామున గీసేవాళ్లు చెట్టెక్కి, నేను ల్యాబులో శుద్ధి చేసి తెచ్చిన సీసాలోకి ఆ చెట్టు కల్లే వంపి, మూత బిగించి దిగాలి. నేను కింద నిలబడి నంబర్లు సరిచూసుకుని, ఐస్ డబ్బాలో సర్దుకుని, ఎండ ముదరకముందే యూనివర్సిటీకి చేర్చాలి. కాగితం మీద ఎంత తేలిగ్గా ఉందో చూడండి.

మహబూబాబాద్‌లో నన్నెవరూ ఎరగరు. ముందురోజే వెళ్లి తండాలో ఒక పెద్దావిడ ఇంట్లో ఉండేదాన్ని. ఇంట్లోవాళ్లు లంబాడీలో ఏదో అనుకుని, నా వైపు చూసి కిసుక్కున నవ్వేవాళ్లు. ఏమంటున్నారని గట్టిగా అడిగితే, "ఏం లేదు బిడ్డా, నిన్ను చేసుకున్న పిలగాడు కల్లుకు బయటికి పోవుడు ఉండదని అంటున్నం" అంది పెద్దావిడ. అక్కడ చెట్లెక్కే అతనికి నేను పరాయిదాన్ని. ఏ చెట్టుది అడిగితే ఆ చెట్టుదే వంపి ఇచ్చేవాడు. మొదటిరోజు మాత్రం, "ఈగలు పడ్డయ్ అక్కా, నడుస్తదా?" అని అడిగాడు. ఈగలతో సహా కావాలన్నాను. నా ముఖం ఒకసారి చూసి, ఆ తరవాత ఏమీ అడగడం మానేశాడు.

భూపాలపల్లిలో చెట్లెక్కే పెద్దమనిషి అసలు మాట్లాడేవాడే కాదు. సీసా చేతిలో పెట్టి, గడ్డంతో చెట్టు వైపు చూపించి వెళ్లిపోయేవాడు. అక్కడి కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. కల్లును ఐసులో పెట్టినా ఊరుకోదు, లోపల పొంగుతూనే ఉంటుంది. ఒకసారి హనుమకొండ బస్సులో, పరకాల దాటాక, టప్పుమని మూత ఎగిరి నురగంతా ముందు సీట్లో కూర్చున్న ఒక అన్న చొక్కా మీద పడింది. అతను వెనక్కి తిరిగి, చొక్కా వాసన చూసుకుని, "పొద్దుగాల పొద్దుగాల గిదేం పని అక్కా, ఇంటికి పోయి నేనేం చెప్పాలె?" అన్నాడు. బస్సు బస్సంతా నవ్వింది. కండక్టరు ఒక్కడే, "అయ్యో, మంచి కల్లు ఖరాబాయె" అని నిజంగా బాధపడ్డాడు.

మా ఊళ్లో సంగతి వేరు. అక్కడ చెట్లు గీసేది మామ. రక్తసంబంధం ఏమీ లేదు, మా నాయిన ఆయన్ను బావా అని పిలుస్తాడు కాబట్టి నాకు మామ, నేను ఆయనకు కోడలుపిల్లను. మా నాయిన ఆయన దగ్గర వాడిక. అంటే ఏళ్ల నుంచీ ఒకే చెట్టు కల్లు రోజూ నాయిన కోసం మామ పక్కకు తీసి పెడతాడు. ఆ చెట్టు బావిగడ్డ మీద ఉంటుంది. అంత తియ్యటి కల్లు ఊళ్లో మరో చెట్టుకు లేదని నాయిన గొప్ప. అదే వరసలో చివర ఇంకో చెట్టుంది. దాని కల్లు ఎప్పుడు దించినా పుల్లగానే ఉంటుంది. పొద్దుగూకాక ఎక్కడా ఏమీ దొరకనివాళ్లే దాని దగ్గరికి వస్తారు. ఆ రెండు చెట్లూ నా ఎనిమిదిలో ఉన్నాయి. ఆ రెండింటి కోసమే మా ఊరిని పెట్టుకున్నానంటే తప్పులేదు.

మొదటిరోజు శాలువా కప్పుకుని బయల్దేరుతుంటే మామ మా వాకిట్లోనే ఎదురయ్యాడు. "నువ్వెందుకు కోడలా మంచుల వచ్చుడు? సర్ది పట్టిందంటే మీ అమ్మ నన్ను బతకనియ్యదు. సీసలు నా చేతికియ్యి, నింపి ఇంటికే తెచ్చిస్త" అన్నాడు. "మామ ఉండంగ నీకేం పనే" అని అమ్మ వెనక నుంచి అందుకుంది. మామకు అంకెలు వచ్చు, చెట్లన్నీ ఆయనవే, సీసాలు ఎలా పట్టుకోవాలో ముందురోజే చూపించాను. ఇంకేం కావాలి? ఆ చలికాలమంతా తెల్లారేసరికి ఎనిమిది సీసాలు మా అరుగు మీద వరసగా ఉండేవి, తడి కూడా తుడిచి. మహబూబాబాద్ సీసాల్లో తేలినట్టు వీటిలో ఒక్క ఈగ తేలేది కాదు. మా ఊరి పనితనమే పనితనమని మురిసిపోయాను.

ఆ రోజుల్లోనే మా నాయిన రోజూ కల్లు మీద అలగడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఈ ఏడు కల్లు ఎట్లనో ఉన్నది, నోట్లె పెడితే పండ్లు జివ్వుమంటున్నయ్" అనేవాడు. "అయితే తాగుడు బంద్ వెట్టు, అన్ని మంచిగయితయ్" అనేది అమ్మ. నేను సీసాల మీద నంబర్లు అంటిస్తూ ఈ మాటలు వింటూనే ఉన్నాను. వానలు తగ్గాయి కదా, అందుకేమో అనుకున్నాను.

ల్యాబులో నెలల తరబడి పని. సీసాలోని చుక్కను ప్లేటు మీద పరిస్తే ఈస్టు తెల్లటి చుక్కలుగా పెరుగుతుంది. ఒక్కో చుక్కను వేరుచేసి, దాని డీఎన్‌ఏ చదివించి, ఏ రకమో తేల్చాలి. మహబూబాబాద్ చెట్లు దేనికది వేరుగా వచ్చాయి. భూపాలపల్లి చెట్లూ అంతే. మా ఊరి ఎనిమిది చెట్లకు మాత్రం ఒకటే ఫలితం. ఏ రకం ఎంత ఉందో కూడా ఒకటే. తియ్యటి చెట్టుకూ పుల్ల చెట్టుకూ వెంట్రుకవాసి తేడా లేదు. మళ్లీ చేశాను. మళ్లీ అదే వచ్చింది.

మా గైడు మేడం కోస్తా వైపు మనిషి. మాట కటువు, పని శుద్ధం. ఆ కాగితాలు ముందు పరిచి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి ఎనిమిది చెట్లు కావమ్మా. ఒకే కుండ."

"లేదు మేడం, చెట్టుకో సీసా."

"ఎవరూ తెలియని ఊళ్లలో చెట్టు చెట్టుకూ తేడా వచ్చింది. మీ సొంత ఊళ్లో తేడా లేదు. ఇంట్లో కూర్చుని ఒక కుండలోంచి ఎనిమిది సీసాలు నింపుకున్నావని అనుకుంటే నా తప్పా?"

ముక్కు మీదుండే కోపం అసలు రానేలేదు, అది ఇంకా భయపెట్టింది. ఈ చదువులో తప్పు చేస్తే దిద్దుకోవచ్చు, ఫలితాలు తప్పుడువి పుట్టించారన్న మాట పడితే మళ్లీ ఎవరూ దగ్గరికి రానివ్వరు. మేడం కాగితాలు మడిచి నా చేతికిచ్చింది. "ఏం జరిగిందో తేల్చుకుని రా. తేలకపోతే థీసిస్ మీద నేను సంతకం పెట్టను" అంది.

ఆ సాయంత్రమే రైలెక్కాను. కిక్కిరిసిన బోగీలో స్టేషన్ ఘన్‌పూర్ దాకా నిలబడే ఉన్నాను. సీటు దొరికి కూర్చున్నాక, నాయిన పండ్లు జివ్వుమన్న సంగతి ఒక్కసారిగా తట్టింది. ఏళ్లుగా ఒకే చెట్టు కల్లు తాగే మనిషికి ఒక్క చలికాలం పాటు ఆ చెట్టే పులిసిపోయిందా? మరి ల్యాబులో కొలిస్తే నా సీసాల్లో ఒక్కటీ పుల్లగా తేలలేదే?

మర్నాడు పొద్దున్నే తాళ్లల్లకు, అంటే తాటిచెట్ల దగ్గరికి, వెళ్లాను. మామ చెట్టు దిగి మోకు చుట్టుకుంటున్నాడు.

"మామా, పోయిన చలికాలం నా సీసలల్ల ఏం పోసినవ్?"

"కల్లే పోసిన. నీళ్లు కలిపిననుకున్నవా ఏంది?"

"ఏ చెట్టుది?"

"మంచిదే పోసిన కోడలా."

"అన్నిట్ల?"

"అన్నిట్ల మంచిదే పోసిన" అన్నాడు, మెచ్చుకుంటానేమోనని చూస్తూ. "మీ నాయిన చెట్టుది. పుల్లచెట్టుది యూనివర్సిటీకి ఎట్ల పంపుత చెప్పు? గాడ పెద్ద పెద్ద సార్లు చూస్తరు. ఫలానా పిల్ల ఊర్లె కల్లు గిట్ల పులిసి ఉన్నదట అంటే మన ఇజ్జత్ ఏం గావాలె? నలుగురిల నీకు మాట రాదా?"

"నా సదువు ముంచినవ్ మామా!" అని అరిచాను. పక్క చెట్ల కింద కూర్చున్నవాళ్లు తాటాకు దొప్పల్లాంటి రేకలు చేతిలో పట్టుకుని ఇటు తిరిగారు. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, ఆ నీళ్లకు ఇంకా మండింది. మామ బిత్తరపోయాడు. "మీ నాయిన్ని అడిగే పోసిన బిడ్డా" అన్నాడు మెల్లగా. కోడలా అనేవాడు బిడ్డా అన్నాడంటే భయపడ్డాడన్నమాట.

ఇంటికొచ్చి నాయిన్ను పట్టుకున్నాను. ఆయన దాచనైనా దాచలేదు.

"అడిగిండు. ఇయ్యమన్న."

"మరి గన్ని దినాలు నువ్వేం తాగినవ్?"

"పుల్లచెట్టుది. నీ సదువుకు మంచిది పోవాలె గద. నాదేమున్నది, నోరు మూసుకోని తాగిన."

"నోరెక్కడ మూసుకున్నవ్? పొద్దుగూకితే లొల్లే గద" అంది అమ్మ వంటింట్లోంచి.

ఇద్దరు పెద్దమనుషులు కూడబలుక్కుని, ఎంతో ప్రేమగా, నా చదువుకు గండి కొట్టారు. ఎవరిని తిట్టాలి? పరాయి ఊళ్లలో నన్ను పట్టించుకోలేదు, అందుకే ఉన్నదున్నట్టు దొరికింది. మా ఊళ్లో నేను ఇంటిపిల్లను, అందుకే మర్యాద దొరికింది. నాయిన ముందు కూర్చుని మొత్తం విప్పి చెప్పాను. నాకు కావలసింది మంచి కల్లు కాదు, ఏ చెట్టు గుణం ఆ చెట్టుదే కావాలని. ఆయన అంతా విని, "గట్లంటే పుల్లదాన్ని గూడ లెక్కల పెడ్తరా?" అని ఆశ్చర్యపోయాడు.

మేడంతో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. "కథ బాగుంది" అంది. అన్ని మాటల్లోకీ అదే ఎక్కువ గుచ్చుకుంది. తరవాత క్యాలెండరు తిప్పి, "వచ్చే చలికాలం మళ్లీ తీద్దాం. మొదటిరోజు నేనూ వస్తాను. నా ముందు చెట్టెక్కాలి, నా ముందు నింపాలి" అంది. అంటే నా మాట మీద నమ్మకం లేదని ఇంకోలా చెప్పడమే.

చలికాలం వచ్చేదాకా మామకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నంబరు చూసుకో, కలపకు, ఈగలు తీయకు, మంచిదీ చెడ్డదీ నువ్వు చూడకు. "కాటమయ్య మీద ఒట్టు, ఎట్లున్నది గట్లనే పోస్త" అని మామ దేవుడి మీద ప్రమాణం చేశాడు. అయినా నాకు నిద్ర పట్టలేదు.

మొదటిరోజు మేడం తెల్లారుతుండగానే కారులో దిగింది, మెడకు మఫ్లరు, కాళ్లకు బూట్లు. నేనూ నాయినా ఎదురెళ్లి తాళ్లల్లకు తీసుకొచ్చాం. మామ ఆమె కోసం గోనెసంచి దులిపి పరిచాడు. "ముందు ఆ పుల్లగా ఉండే చెట్టు" అంది మేడం. మామ మోకు వేసుకుని ఎక్కాడు. ఆమె కళ్లు తిప్పకుండా చూసింది. పైన లొట్టిలోంచి సీసాలోకి వంపడం, మూత పెట్టడం అందరికీ కనపడింది. లొట్టి నడుముకు తగిలించుకుని దిగి, సీసా నా చేతికిచ్చాడు. నంబరు సరిగ్గా ఉంది. నా గుండె కాస్త కుదుటపడింది.

"మిగిలిందాంట్లో నాకు కొంచెం పోయండి, రుచి చూస్తాను" అంది మేడం.

మామ చేతులు ఆగిపోయాయి. తాటాకు తెంపి రేక మడిచాడు. మడిచి, లొట్టి పట్టుకుని, అటు తిరిగాడు. మేడం ఉన్న చోటి నుంచి ఏం కనపడిందో తెలియదు కానీ, నాకు స్పష్టంగా కనపడింది. పొద చాటున ఆకు కప్పి ఇంకో లొట్టి దాచిపెట్టుకున్నాడు. అందులోంచి రేకలోకి వంపుకుని, ఏమీ ఎరగనట్టు ఇటు తిరిగి, రెండు చేతులతో మేడంకి అందించాడు. నా ప్రాణం పోయినంత పనయింది.

మేడం ఒక గుక్క తాగింది. రేక దించి మామ వైపు చూసింది.

"ఇది ఆ చెట్టుది కాదు కదండీ."

మామ తల వంచుకున్నాడు. "కాదు మేడం. బావిగడ్డ మీద చెట్టుది."

"ఎందుకు?"

"మీరు గింత దూరం మా ఊరికి వచ్చిన్రు. గా కల్లు మీకు ఎట్ల పోస్త? సీసల పోసిన, నా కోడలు చెప్పిందని పోసిన. మనిషికి పొయ్యాల్నంటే నాతోని కాదు మేడం."

మేడం పగలబడి నవ్వింది. అన్నేళ్లలో ఆమె అలా నవ్వగా నేను చూడలేదు. నవ్వి నవ్వి, మఫ్లరుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "పోయినేడు సీసాలు ఎవరు నింపారో నాకు ఇప్పుడు అర్థమైంది" అంది. పొరపాటు పడ్డానని అనలేదు, నేనూ ఎదురుచూడలేదు. ఆ మాట చాలు, నెలలుగా ఛాతీ మీద మోస్తున్న బండ దిగిపోయింది. ఏడ్చేస్తానేమోనని ఐస్ డబ్బా మూత తీసి సీసాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

"అయినా సరే, పుల్లది తాగాల్సిందే" అంది మేడం. మామ కదల్లేదు. అప్పుడు నాయిన ముందుకొచ్చి, ఇంకో రేక తీసుకుని, పుల్లచెట్టు కల్లు తనే వంపుకుని గటగటా తాగాడు. "ఏం కాదు మేడం, తాగుండ్రి. పోయినేడు చలికాలమంత నేను గిదే తాగిన" అన్నాడు. ఆమె ఒక చుక్క నోట్లో వేసుకుని ముఖం చిట్లించింది. మామ అవమానంతో చెట్టు చాటుకు వెళ్లిపోయాడు.

ఆ ఏడు ఎనిమిది సీసాలూ ఎనిమిది రకాలుగా వచ్చాయి. ఈస్టు ఎక్కువ భాగం లొట్టి నుంచి, కొంత ఈగల నుంచి వస్తుందని మూడు చోట్లా తేలింది. పుల్లచెట్టులో ఉన్న ఒక ఈస్టు మాత్రం మిగతా ఏ చెట్టులోనూ లేదు. కొత్త లొట్టి కట్టినా అదే వచ్చింది. ఆఖరికి నా థీసిస్‌లో అన్నిటికంటే పెద్ద అధ్యాయం దాని మీదే. మొదటి ఏడు మా ఊరి నమూనాలు ఎందుకు వదిలేశానో ఒక వాక్యం రాశాను, అన్నీ ఒకే చెట్టువని తేలినందున అని. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అదెలా జరిగిందని అడిగితే, నేను నోరు తెరిచేలోపే మేడం అందుకుని, "అది నేను కళ్లారా చూశానండీ" అంది.

డిగ్రీ వచ్చాక మేడం, ల్యాబులో నా స్నేహితురాళ్లు మా ఊరికి భోజనానికి వచ్చారు. సాయంత్రం అందరం తాళ్లల్లకు వెళ్లాం. మామ నన్ను పక్కకు పిలిచి, "మన కల్లు ఎట్లున్నదని రాసినవ్?" అని అడిగాడు. పుల్లచెట్టు మీదే ఎక్కువ రాశానన్నాను. నెత్తి కొట్టుకున్నాడు. "నేను దాసిపెట్టుకుంట వస్తే నువ్వు పుస్తకమే ఏసినవా!" అన్నాడు.

నిజానికి అన్నేళ్లలో బావిగడ్డ చెట్టు కల్లు నేను ఎన్నడూ తాగలేదు. దొరికిన చుక్కల్లా ప్లేట్ల మీద పరవడానికే సరిపోయింది. ఆ రోజు మామ అందరికీ రేకలు మడిచి పోశాడు. నా రేక నిండగానే, అలవాటు కదా, "ఏ చెట్టుది మామా?" అన్నాను.

"గది అడుగకు కోడలా. తాగు."

తాగాను. తియ్యగా, చల్లగా ఉంది. స్నేహితురాళ్లు మళ్లీ పోయమని రేకలు చాపుతున్నారు. మా నాయిన కాస్త దూరంగా, ఇటు వీపు పెట్టి కూర్చుని తాగుతున్నాడు. ఒక గుక్క వేసి పండ్లు జివ్వుమన్నట్టు దవడ పట్టుకున్నాడు.